ఎనిమిది బై పదిలో ఎవరుండాలి?

ప్రింటరులోంచి అప్పుడే వచ్చిన ఫొటోను చేతిలోకి తీసుకుంటే కాగితం ఇంకా గోరువెచ్చగా ఉంటుంది. కోదాడలోని నా స్టూడియోలో ఆ వెచ్చదనం తగిలినప్పుడల్లా శారదక్క గుర్తొస్తుంది. సూర్యాపేటలో ఆమె ఫొటో ల్యాబులోనే నేను పని నేర్చుకున్నాను. మిర్యాలగూడ నుంచి కోడలిగా వచ్చిన నాకు అప్పటికి కంప్యూటరు తప్ప ఏమీ తెలియదు. ఫోను ఫొటో పొడుగ్గా ఉంటుందని, ఫ్రేముకు వేసే కాగితం అంత పొడుగుండదని, ఎక్కడో ఒకచోట కోయక తప్పదని ఆమె చెబితే అదేదో లెక్కల సంగతి అనుకున్నాను.

ఒకరోజు మోతె నుంచి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. గొర్రెలు కాసుకునే కుటుంబం. ఇంటిపెద్ద ఈమధ్యే పోయాడు. కొడుకు ఫోనులో ఆయనది ఒకే ఒక్క ఫొటో ఉంది. ఎడమ చివర భార్య, నడుమ ఆయన, కుడి చివరిదాకా గొర్రెలు. ఎనిమిది బై పది అంగుళాల ఫ్రేము వాళ్లే తెచ్చుకున్నారు. శారదక్క ఫొటో మొత్తాన్నీ ఆ కొలతలో పెట్టి చూపించింది. మనుషులు చిన్నగా అయిపోయారు, పైనా కిందా ఖాళీ మిగిలింది.

"గీ తెల్ల పట్టీలేందక్కా? నాయిన నిండుగ కనపడాలె," అన్నాడు కొడుకు.

"అట్లయితే ఒక దిక్కు కొయ్యాలె తమ్మీ. గొర్లను తీసేద్దామా?"

"గొర్లు లేకుంట ఆయన్ని ఎన్నడు సూడలే బిడ్డా," అంది తల్లి. "నన్ను తీసెయ్."

కొడుకు "అమ్మా!" అన్నాడు. ఆమె ముఖంలో కోపం లేదు, ఏడుపూ లేదు.

"మళ్లొకసారి ఆలోచించమ్మా," అంది శారదక్క.

"ఆలోచించుడేముంది? నేనింకా ఉన్న గద."

శారదక్క కోసింది. ఆయన చెయ్యి పోకూడదు కాబట్టి ఆ పక్కన తల్లి కొంగు అంచు కాస్త మిగిలిపోయింది. ప్రింటులో దాన్ని చూసి, "ఉండనియ్," అంది తల్లి.

వాళ్లు వెళ్లాక ఆగలేకపోయాను. "ఎట్ల కోసినవక్కా, ఆమెను?"

"ఆమె చెప్పింది, కోసిన. మంచిగ చేసిన్నో లేదో నాకైతే తెల్వది."

ప్రతి కొలతా నోటికొచ్చిన మనిషి అలా అనడంతో నా అయోమయం ఇంకా పెరిగింది. తనను తీసెయ్యమన్న ఆ తల్లిది ప్రేమా? ఎప్పుడూ పక్కకు జరిగి నిలబడిన అలవాటా? ఒక్కో రోజు ఒక్కోలా తోచేది.

శారదక్క ఇప్పుడు లేదు. ఈ రోజుల్లో ఒక్క బటను నొక్కితే కంప్యూటరే కొలత చూసుకుని కోసేస్తుంది. నేను ఆ బటను నొక్కను. స్క్రీనును వచ్చినవాళ్ల వైపు తిప్పి, ఎక్కడ కోయమంటారని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు చెప్పే జవాబు నాకు అర్థమే కాదు. అయినా వాళ్లు చెప్పేదాకా ఆగుతాను.