చేదు తెలిసింది కదా అనుకున్నాం

ఇలా నా పక్కకి జరిగి కూర్చోండమ్మా, ఇది గొంతెత్తి చెప్పుకునే సంగతి కాదు.

నందిగామ కాలేజీలో చదువుతున్న మా మనవరాలు మొన్న వరండాలో పాఠం పైకి చదువుతుంటే, మిరపకాయలకు తొడిమలు తీస్తూ వింటున్నాను. సముద్రంలో ముళ్ళబంతిలాంటి జీవి ఒకటుంటుందట, సీ అర్చిన్ అంటారట. దాని గుడ్డు చుట్టూ ఉండే సన్నని పొర మీద, మన కడుపులో అన్నం అరిగించే ఎంజైముల్లాంటివీ, పాము విషమూ వేసి ఏమవుతుందో చూశారట. పొర కరిగి చెదిరిపోతుందట. అయితే గుడ్డు పగిలిపోతుందా అని అడిగాను. "లేదు నానమ్మా, పైకి మామూలుగానే కనపడొచ్చు. మైక్రోస్కోపులో చూస్తేగాని తెలీదు" అంది. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

మా చెల్లెలు కూడా పైకి మామూలుగానే ఉంది.

పెనుగంచిప్రోలు దగ్గర మిరపచేలో కాయ కోస్తున్న రోజులవి. ఆ పొద్దున దాని మడమ దగ్గర చురుక్కుమంటే, చూసేసరికి రక్తపింజర సాలులోంచి జారిపోతోంది. పాము కరిస్తే వేపాకు నమిలించడం మా వాళ్ళ అలవాటు. చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టు, తెలిస్తే ఎక్కనట్టు. అందరికంటే ముందు పరుగెత్తి, గట్టు మీది వేపరెమ్మ విరిచి దాని నోట్లో కుక్కింది నేనే. మొహం చిట్లించుకుని, "ఛీ, కటిక చేదే! అక్కవా, శత్రువువా? బెల్లంముక్కన్నా పెట్టవే" అంది. కూలీలంతా నవ్వారు. జగ్గయ్యపేట తీసుకెళదామని నాన్న బండి కట్టబోతుంటే, "చేదు తెలిసింది కదా నాన్నా, ఎందుకు?" అని ఆపిందీ నేనే.

కాలు వాస్తుంటే, ముల్లు గుచ్చుకున్నా వాస్తుంది కదా అనుకున్నాం. మధ్యాహ్నం అన్నాల దగ్గర, అడిగింది కదా అని బెల్లంముక్క చేతిలో పెట్టాను. కొరికి, నావైపు అదోలా చూసింది. కొరికినచోట బెల్లానికి దాని చిగుళ్ళ రక్తం అంటి ఎర్రగా ఉంది.

అప్పుడు కట్టిన బండి జగ్గయ్యపేట ఆసుపత్రికి చేరేసరికి సూది గుచ్చినచోట కూడా రక్తం ఆగడం లేదు. ఈ విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వకుండా విరిచేస్తుందనీ, నాలుక జోలికి పోదనీ, పొద్దున్నే తేవాల్సిందనీ డాక్టరు చెబుతుంటే, నాన్న నావైపు చూడలేదు. మర్నాడు అదే బండిలో, దాని మీద దుప్పటి కప్పి తిరిగొచ్చాం. బతికినన్నాళ్ళూ నాన్న ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఫోను చేస్తే చేను గట్టుకే అంబులెన్సు వస్తుంది, విషం ఏం చేస్తుందో పిల్లలు పాఠంలోనే చదువుకుంటున్నారు. ఆనాడు మాకు తెలిసిందల్లా ఒక ఆకు.

మీ ఇంట వేపచేదు ఉగాది పచ్చడికి మించకూడదు తల్లీ. చేనుకెళ్ళిన మీ ఆడపిల్లలు తమ కాళ్ళ మీద తామే నడిచొచ్చి గడప తొక్కాలి, అడిగిన బెల్లంముక్క తియ్యగా తినాలి.