నాలుగో భుజం

కొండల్లో దాక్కున్న ఏడు నెలల్లోనూ కార్మాక్ టాంగ్నీ పొద్దున్నే వాగు నీళ్లతో గడ్డం గీసుకోవడం మానలేదు. అంతర్యుద్ధంలో ప్రభుత్వంమీద తిరగబడ్డ రిపబ్లికన్లలో ముప్పైమందికి ఇరవై మూడేళ్లకే క్యాప్టెన్. "శవమైనా చూడముచ్చటగా ఉండాలని కాబోలు మా క్యాప్టెన్‌కి," అని మనుషులు నవ్వుకునేవారు.

1923 మార్చిలో తండ్రి పోయాడని కబురొచ్చింది. దాంతోపాటే బార్ట్ బాబాయి మాట: "టాంగ్నీలం ముగ్గురమే ఉన్నాం. ఇక నీ ఇష్టం."

వాళ్ల కెర్రీ జిల్లాలో శవపేటికను చర్చి గుమ్మం నుంచి ఎత్తేది పోయినవాడి ఇంటిపేరున్న నలుగురే. నాలుగో భుజం పరాయివాడిదైతే ఇంటికి తలవంపు. ఉన్న ముగ్గురూ బార్ట్, అతని తమ్ముడు కాన్, బార్ట్ కొడుకు డెనిస్. ఆ డెనిస్ ఇప్పుడు ప్రభుత్వ సైన్యంలో లెఫ్టినెంటు. ఆయుధంతో దొరికిన రిపబ్లికన్‌ని గోడకు నిలబెట్టి కాల్చేస్తున్న రోజులవి. కార్మాక్ పిస్తోలు రాళ్లగోడలో దాచి కిందికి దిగాడు. అది లేకున్నా క్యాప్టెన్‌ని ప్రాణాలతో ఉంచుతారన్న నమ్మకం లేదు.

గుమ్మం దగ్గర డెనిస్ యూనిఫాంలోనే ఉన్నాడు. రోడ్డుమీద అతని సిపాయిలు ఆరుగురు.

"బక్కచిక్కావురా," అన్నాడు డెనిస్.

"నువ్వు సర్కారు మాంసం తిని బాగానే ఒళ్లు చేశావుగా!"

"నోళ్లు మూసుకుని ఎత్తండ్రా! మీ గొడవ వినడానికి చచ్చాడా మా అన్న?" అని కసిరాడు బార్ట్.

ఎత్తు ఒకటే కావడంతో కార్మాక్, డెనిస్ ముందు నిలిచి, పేటిక కింద ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. డెనిస్ గొణిగాడు: "గొయ్యి పూడేదాకా నేను టాంగ్నీని. ఆ తర్వాత లెఫ్టినెంటుని. తెలిసిందా?"

"తెలిసింది."

వెనకనున్న బార్ట్‌కూ ఆ మాట వినబడింది. శ్మశానంలో పార ముందుగా అతనే అందుకున్నాడు. ఒక పార మన్ను వేసి, ముక్కు తుడుచుకుని, అన్న గురించి నాలుగు మాటలు చెప్పి కాన్‌కి ఇచ్చాడు.

"నిదానంగా కానీ. అన్నకిక తొందరేముంది?"

కాన్ నుంచి పార పొరుగువాళ్లకు వెళ్లింది. అందరికీ ఆ రోజే నడుం నొప్పి. అరగంట పని గంటన్నర సాగింది. నల్ల శాలువాల ఆడవాళ్లు మోకరించి చుట్టూ దడికట్టారు. డెనిస్ టోపీ చేత పట్టుకుని తల ఎత్తలేదు. కార్మాక్ వెనకగోడ దాటి కొండెక్కాడు. తండ్రిమీద చివరి మన్ను పడడం చూడలేకపోయాడు.

మరుసటి నెలలో డెనిస్ హోదా ఊడింది. మే నెలాఖరుకు యుద్ధమూ ముగిసింది.

కార్మాక్‌కిప్పుడు యాభై నాలుగేళ్లు. కూడలి దగ్గర పాలకేంద్రంలో మేనేజరు. డెనిస్ రోజూ పాలు అక్కడే పోస్తాడు.