వెనక హెడ్డుకు మూడు తూట్లు

మా బావ లారీ మూడోసారి హెడ్డు పగలగొట్టుకొని నా షెడ్డు ముందుకు వచ్చిన రోజున నాకు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. ఇంజన్ అయితే ఒక పూటలో చల్లారుతుంది. మనిషికి రేడియేటర్ లేదు కదా.

ఆళ్లగడ్డలో రోడ్డు వారగా నాకొక రేకుల షెడ్డు ఉంది. లారీ ఇంజన్లు విప్పడం, బిగించడం నా బతుకు. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి నంద్యాలలో ఒక ఉస్తాద్ దగ్గర పనికి చేరాను. బడిలో లెక్కల అయ్యవారు నన్ను బెంచీ మీద నిలబెట్టేవాడు. ఉస్తాద్ లారీ కింద పడుకోబెట్టాడు. రెండింటిలో పడుకోవడమే సుఖమనిపించి అక్కడే ఉండిపోయాను.

బావ అంటే మా అక్క మొగుడు. బనగానపల్లె వైపు నాపబండలు ఎత్తుకొని, నంద్యాల మీదుగా నల్లమల ఘాటెక్కి, గిద్దలూరు వైపు దించి వస్తాడు. బండి పాతది. ఆరు సిలిండర్ల ఇంజన్, దాని మీద రెండు హెడ్లు. ముందు మూడు సిలిండర్లకు ఒకటి, వెనక మూడింటికి ఒకటి. హెడ్డంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే పోత ఇనుప దిమ్మ. దాని కడుపులో నీళ్లు తిరిగే దారులుంటాయి. ఆ నీళ్లు తిరిగినంత కాలమే ఇంజన్ బతుకు. బావ బండిలో ముందు హెడ్డు ఏనాడూ పేచీ పెట్టలేదు. పగిలిందల్లా వెనకదే, మూడుసార్లూ ఆరో సిలిండర్ దగ్గరే.

ఆ రోజు ఇంకో లారీకి తాడు కట్టి లాక్కొచ్చారు. బావ దిగి టవలుతో ముఖం తుడుచుకున్నాడు.

"మళ్లా ఉడికింది బామ్మర్దీ."

"ముందే చెప్పింటే బియ్యం పోసి పంపుదును. ఘాట్లో అన్నమన్నా తినేటోనివి."

ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు.

"నీళ్లు ఏవి పోస్తాండావ్?" అన్నాను.

"బోరు నీళ్లు. యాడ దొరికితే ఆడ."

"తాగే నీళ్ల క్యాన్ పోయమని ఎన్ని తూర్లు చెప్పినా నీకు?"

"మా ఇంట్లో మనుషులు తాగేదే బోరు నీళ్లు. ఇంజన్‌కు క్యాన్ నీళ్లా? రేపు దానికి ఏసీ రూము గూడా అడుగుతావ్ నువ్వు."

నాకు మండింది. పానా తీసి నేలకేసి కొట్టాను. అది ఎగిరి వచ్చి నా కాలికే తగిలింది. కోపంలో నా గురి అలా ఉంటుంది. కాలు పట్టుకొని గెంతుతూ ఇంకో నాలుగు మాటలన్నాను. బావ అన్నీ విని, నిదానంగా చెప్పాడు.

"ఇదే కడసారి. ఈ తూరి లోడుతో ఘాటెక్కకపోతే బండిని తూకానికి ఇచ్చేస్తా. పాతినుము ఆయప్పకు మాట ఇచ్చినా."

"ఇచ్చి ఏం చేస్తావ్?"

"ఏముండాది? మళ్లా ఎవురో ఒకరి బండి తోలుకుంటా."

పెళ్లయిన కొత్తలో బావ పరాయి బండ్లు తోలేవాడు. ఆ ఓనర్లెవరూ ఆయనను పేరుతో పిలవలేదు. "ఏయ్ డ్రైవర్" అనేవాళ్లు. సొంత బండి కొన్న రోజు ఆయన చేసిన మొదటి పని, తన బండికి తానే హారన్ కొట్టుకొని, "ఏయ్ ఓనర్" అని తనను తానే పిలుచుకోవడం. మేమంతా పడీ పడీ నవ్వాం. అదంతా ఇప్పుడు కేజీల లెక్కకు పోతుంది. కాలి నొప్పి మరిచిపోయాను.

మరుసటి రోజు నుంచి పాతినుము కొనే మనిషి రోజూ నా షెడ్డుకు రావడం మొదలుపెట్టాడు. పనేమీ ఉండదు. ఛాసీ మీద తాళంచెవితో టక్ టక్ అని కొట్టి, చెవి పెట్టి వింటాడు.

"ఇనుము మంచిదేనప్పా" అన్నాడొకరోజు.

"నాడి పట్టి సూస్తాండావా? ఇంకా సావలేదు. ఇప్పుడు పో, సచ్చినాక చెప్పి పంపుతా."

పోలేదు. నవ్వి, టీ తాగి, రేపు మళ్లీ వస్తానన్నాడు.

ఆ కోపంలోనే పగిలిన హెడ్డును నంద్యాల లేతు షాపుకు మోసుకెళ్లి నిలువునా కోయించాను. చచ్చినదాన్ని కోయకుండా రోగం తెలియదని అప్పటిదాకా నాకెందుకు తట్టలేదో! ముందు కొస నీటి దారి శుభ్రంగా ఉంది. వెనక్కి పోయేకొద్దీ తెల్లటి సున్నం పొర మీద పొర కట్టి, పై నుంచి కిందికి కొనదేలి వేలాడుతోంది.

లేతు షాపతను వంగి చూసి, "ఏందన్నా ఇది, బెలుం గుహలు చూడాలంటే టికెట్టు కొనాల. మీ బావ ఇంజన్లోనే పెట్టుకొని తిరుగుతాండాడే" అన్నాడు.

సున్నపురాయి నేలలో పుట్టిన నీళ్లు, ఆ నేల రాళ్లనే మోసే బండి. రాయి బయటా లోపలా రెండు వైపులా ఎక్కింది. సున్నం పైభాగంలో ఒక గీత కూడా ఉంది. ఆ గీత దాకానే నీళ్లు వచ్చేవి. దాని పైన ఆవిరి చిక్కుకొని, బయటికి దారి లేక, ఆరో సిలిండర్ నెత్తిన కూర్చునేది. నీళ్లు తగలని ఇనుము పగలక ఏం చేస్తుంది?

కాబట్టి ఆవిరికి దారి చేయాలి. ఎక్కడెక్కడో తిరిగి ఇంకొక పాత హెడ్డు సంపాదించాం. ఆ రకం కొత్తవి రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఇది చెడితే ఇంకొకటి లేదు. హెడ్డు కిందుండే ఇంజన్ బ్లాకులో సున్నాన్ని యాసిడ్ పోసి కడిగాను. సింధూరం కలిపిన నూనె బ్లాకు మీద పూసి, బ్లాకుకూ హెడ్డుకూ నడుమ వేసే పల్చటి గ్యాస్కెట్ అద్ది, దాన్ని హెడ్డు మీద అచ్చు తీశాను. నాలుగుకూ అయిదుకూ మధ్య ఒకటి, అయిదుకూ ఆరుకూ మధ్య ఒకటి, ఆరు వెనక ఒకటి. మూడు తూట్లు, పెన్సిలంత లావు. గ్యాస్కెట్‌కూ, కింద బ్లాకుకూ వాటి ఎదురుగా అవే తూట్లు. ముందు హెడ్డులో రెండు పెద్ద నీటి దారులకు ఇత్తడి బిళ్లలు కొట్టి ఇరుకు చేశాను, ముందరే తాగేయకుండా వెనక్కి నీళ్లు పోవాలని. వెనక హెడ్డు చివర నుంచి రేడియేటర్ పై తొట్టికి ఒక చిన్న గొట్టం లాగాను.

డ్రిల్లు తిరుగుతుంటే లేతు షాపతను, "ఫోన్లో వీడియో సూసి చేస్తాండావా?" అన్నాడు.

"లేదు. నీ ముఖం సూసి చేస్తాండా. ఆడ గూడా గాలి పోయేదానికి తూటు లేదు."

నవ్వించాను గానీ, డ్రిల్లు ఆపి గుర్తును మళ్లీ కొలిచాను. ఒక నూలుపోగంత పక్కకు పోతే, హెడ్డును బిగించే స్టడ్డు దారిలోకి తూటు పడితే, బావ మళ్లీ "ఏయ్ డ్రైవర్" అవుతాడు.

పడలేదు. మూడు తూట్లూ నీటి దారిలోకే దిగాయి. బిగించి, లోడెత్తి, బావ పక్కన నేనే కూర్చొని ఘాటెక్కాను. సగం దాకా వేడి చూపే ముల్లు కదల్లేదు. బావ పాట కూడా ఎత్తుకున్నాడు. పైన పెద్ద మలుపు దగ్గర ముల్లు లేచింది. లేచి ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి.

దిగి చక్రాల కింద రాళ్లు పెట్టాం. బావ రోడ్డు పక్కన కూర్చొని ఫోను తీశాడు.

"ఎవురికి?" అన్నాను.

"ఆయప్పకు."

"ఫోను లోపల పెట్టు బావా. పెడతావా, లోయలోకి విసిరేయాల్నా?"

అంత గట్టిగా ఎప్పుడూ ఆయన మీద అరవలేదు. చల్లారేదాకా ఆగి మూత తీశాను. నీళ్లలో బుడగలు లేవు. స్టార్ట్ చేస్తే తెల్లపొగ లేదు. హెడ్డు పగల్లేదు! అంత ఉడికినా పగల్లేదంటే తూట్లు వాటి పని అవి చేశాయి. మరి ఎందుకు ఉడికింది? ఒక్కో గొట్టం మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంజన్ సెగలు కక్కుతోంది. రేడియేటర్ అడుగు మాత్రం గోరువెచ్చగా, పసిపిల్లకు స్నానం చేయించవచ్చు. వేడినీళ్లు అక్కడిదాకా రావడమే లేదు. అవి వెళ్తున్నది ముందున్న పొట్టి గొట్టంలోంచి, నేరుగా మళ్లీ ఇంజన్లోకి.

ఆ పొట్టి గొట్టాన్ని మూయాల్సింది థర్మోస్టాట్ వాల్వు. నీళ్లు వేడెక్కితే అది నోరు తెరిచి రేడియేటర్‌కు దారి ఇస్తుంది, దాని కిందున్న పళ్లెం ఆ పక్కదారిని మూసేస్తుంది. బండిలో వాల్వు లేదు. దాన్ని తీసి పారేసింది నేను. బావ బండి కొన్న రోజునే.

ఎందుకు తీశానంటే, మా ఉస్తాద్ షెడ్డు ఆచారం అది. ఏ లారీ వచ్చినా మొదట వాల్వు పీకి, గుమ్మానికి వేలాడే తీగకు గుచ్చడం. వాల్వుల దండ. నేను సొంత షెడ్డు పెట్టుకుంటానంటే ఉస్తాద్ నాకొక తీగ ముక్క ఇచ్చి "నింపు బేటా" అన్నాడు. నింపాను. అందులో మొదటిది బావ బండిదే.

బావ ఎలాగో నెమ్మదిగా బండిని వెనక్కి దించాడు. నేను షెడ్డుకొచ్చి దండ తెంపాను. మొదటిది అడుగున ఉంటుంది కాబట్టి మిగతావన్నీ తీయాల్సి వచ్చింది. ఒక్కొక్కటీ నేల మీద ఠంగుమంటుంటే, ఒక్కొక్క బండీ, దాని ఓనర్ ముఖమూ గుర్తొచ్చాయి. అడుగుది జేబులో వేసుకొని నంద్యాల బస్సెక్కాను.

ఉస్తాద్ ఇప్పుడు పని చేయడు. షెడ్డు ముందు కుర్చీలో కూర్చొని పనిచేసేవాళ్లను తిడతాడు.

"ఏందిరా ముఖం అట్ల పెట్టినావ్? ఎవుర్నన్నా సంపినావా?"

"మూడు హెడ్లను సంపినా ఉస్తాద్. నువ్వు నేర్పినట్లే."

చెప్పాను. మధ్యలో నోరు జారాను కూడా. ఆయన లేచి నిలబడ్డాడు.

"అరే, ఈ నీళ్లకు వాల్వు బతుకుతాదా? సున్నం పట్టి మూసుకొని పోతాది. నేను తీసిన బండి ఒక్కటన్నా రోడ్డు మీద ఆగిందా?"

"నీ బండ్లకు పక్కదారి లేదు. దీనికుండాది."

"ఉంటే నువ్వెందుకు సూడలా?"

"నువ్వు తీయమన్నావని."

"నేను తీయమంటే సూడొద్దంటినా?"

నేను జేబులోంచి వాల్వు తీసి చూపించాను. ఉస్తాద్ నా చేతిలోంచి వాల్వు లాక్కొని, పక్కనున్న టీ అంగడికి పోయి, మరుగుతున్న నీళ్ల గిన్నెలో వేశాడు. అంగడివాడు లబోదిబోమన్నాడు.

"ఉండప్పా, దీనికి గూడా ఒక టీ" అన్నాడు ఉస్తాద్.

ముగ్గురం గిన్నెలోకి వంగాం. తుప్పు ఊడి నీళ్లు ఎర్రబడ్డాయి. కాసేపటికి వాల్వు నోరు మెల్లగా తెరుచుకుంది, పూర్తిగా. ఇన్నేళ్లు దండలో వేలాడి కూడా! తీసిన రోజున అది బాగానే ఉందన్నమాట. చెడిపోయిందైతే నాకింత మంట పుట్టేది కాదు. ఉస్తాద్ దాన్ని చెంచాతో తీసి, టవలులో చుట్టి నాకిచ్చాడు.

"ఇదే వెయ్" అన్నాడు. గుమ్మానికున్న తన దండ వైపు మాత్రం చూడలేదు.

అదే వేశాను. రెండోసారి ఘాటెక్కుతున్నప్పుడు ఇద్దరి కళ్లూ ముల్లు మీదే. పెద్ద మలుపు దగ్గర ముల్లు లేచింది, ఎర్రగీతకు రెండు వేళ్ల దూరంలో ఆగింది, మలుపు దాటాక ఒక వేలు దిగింది. పైన బండి ఆపి బావ గట్టిగా హారన్ కొట్టి, "ఏయ్ ఓనర్!" అని అరిచాడు. దిగి, బిందె తీసుకొని తిన్నగా చేతిపంపు దగ్గరికి నడిచాడు.

"యాడికి పోతాండావ్?"

"నీళ్లకు. రేడియేటర్లో రవ్వంత పోద్దామని..."

ఆ బిందె సొట్ట ఇప్పటికీ అలాగే ఉంది. నేను కనపడినప్పుడల్లా అక్క దాని సంగతి అడుగుతుంది.

పాతినుము మనిషి తర్వాత ఒక్కసారి వచ్చాడు. నేను నేల మీద కుప్పగా పడిన వాల్వుల దగ్గర కూర్చొని ఉన్నాను.

"ఇవన్నా ఇస్తావా?" అన్నాడు.

"ఇయ్యను. వీటికి ఓనర్లుండారు."

అప్పటి నుంచి నా పాత గిరాకీ బండి ఏది కనబడినా చెయ్యి అడ్డం పెడుతున్నాను. మొన్న ఒకాయన టైర్లకు గాలి కొట్టించుకోవడానికి ఆగాడు. ఆయన బండికీ ఆ పొట్టి గొట్టం ఉంది. వాల్వు మళ్లీ వేస్తానంటే ఎగాదిగా చూశాడు.

"నువ్వే కదన్నా తీసింది? అది దండగని చెప్పి, నన్ను నవ్వించి మరీ తీస్తివి."

నిజమే, నవ్వించే తీశాను. ఏమని నవ్వించానో కూడా గుర్తొచ్చింది. ఒళ్లంతా మంటెత్తింది.

"బానెట్ ఎత్తప్పా ముందు" అన్నాను.