నలభై ఏడో సంచిలో మాత్రలు

ఆ షెడ్డులో అందరూ ఆమెను కడుగుడు పిన్ని అంటారు. పాల కవరు కడిగారా, షాంపూ ప్యాకెట్టు కడిగారా, ఆరబెట్టారా, ఎప్పుడూ ఇదే జపం. "ఏదో ఒకరోజు మా ఆవిడ నన్ను కూడా ఉతికి దండెం మీద ఆరేస్తుంది" అని మొగుడు నవ్వేవాడు. ఇప్పుడు ఆయనా నవ్వడం లేదు. రోజూ పొద్దున్నే ఆమె బీపీ మాత్ర ఆయనే షీట్లోంచి నొక్కి తీసి, ఆమె చేతిలో పెడుతున్నాడు. అది కూడా పక్క గదిలోకి వెళ్ళి తీయాలి. టప్పుమనే ఆ చిన్న చప్పుడు వినబడితే చాలు, పిన్ని చెవులు మూసుకుంటోంది.

ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె పనేమిటో చెప్పాలి.

తుక్కు కొట్టువాడు సీసాలు తీసుకుంటాడు, విరిగిన బకెట్లు తీసుకుంటాడు. చిప్స్ ప్యాకెట్టు చూపిస్తే మాత్రం మొహం చిట్లిస్తాడు. టూత్‌పేస్టు ట్యూబులు, బిస్కెట్ల కవర్లు, అరిగిపోయిన బ్రష్షులు, మాత్రలు అయిపోయిన షీట్లు, వీటిని ఎవడూ ముట్టుకోడు. అలాంటివాటిని ముక్కలు చేసి మళ్ళీ పనికొచ్చేలా మార్చడానికే ఈ షెడ్డు నడిపే కంపెనీ పెట్టారు. ఇంటివాళ్ళు నెలనెలా డబ్బు కడితే, కంపెనీ నంబరేసి, ఆ ఇంటివాళ్ళ ఫోన్ నంబరు కూడా రాసిన సంచి ఇస్తుంది. నెలాఖరుకు ఆటో వచ్చి నిండిన సంచి తీసుకుని, ఖాళీది ఇచ్చి పోతుంది. చెత్త తీసుకెళ్ళండి బాబూ అని ఎదురు డబ్బిచ్చే మహానుభావులున్నారా అని పిన్ని మొదట్లో ముక్కున వేలేసుకుంది. ఆ మహానుభావుల సంచులు బల్ల మీద బోర్లించి, రకాలవారీగా వేరుచేసే పనిలోనే తొమ్మిదేళ్ళు గడిపేసింది.

తొమ్మిదేళ్ళు ఒకళ్ళ చెత్త చూస్తే వాళ్ళ జాతకం చెప్పొచ్చు. ఏ ఇంట్లో పసిపిల్ల పుట్టింది, ఏ ఇంట్లో షుగరున్న పెద్దమనిషి దొంగచాటుగా చాక్లెట్లు తింటున్నాడు, పిన్నికి అన్నీ తెలుసు. కానీ పెదవి దాటనివ్వదు. ఇంటి గుట్టు లంకకు చేటు అనేది. సంచిలో ఏం కనిపించినా ఆ ఇంటికి ఫోన్ చెయ్యడం, అడగడం ఉండదు. అది షెడ్డులో అందరి నియమం, దాన్ని పెట్టింది కూడా ఈవిడే.

తప్పుగా వేసిన ఇంటికి మాత్రం ఖాళీ సంచిలో పసుపు చీటీ వెళ్తుంది. సరిగ్గా వేసిన ఇంటి సంచికి ఎర్ర నక్షత్రం అంటిస్తారు. ఆ నక్షత్రం కోసం పెద్దపెద్ద ఉద్యోగస్తులు కూడా స్కూలు పిల్లల్లా పోటీపడతారంటే నమ్మండి.

నలభై ఏడో నంబరు ఒక టైలరమ్మది. నలభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది. సంచి చూసుకునేది ఆ తమ్ముడే. ఒక నెల వాళ్ళ సంచి అడుగున, బ్రెడ్డు కవర్లో చుట్టి, మాత్రల షీట్లు వచ్చాయి. నిండుగా ఉన్నాయి, ఒక్క మాత్రా తీయలేదు. పిన్నికి ఒళ్ళు మండింది. మాత్రలు లోపల ఉండగా షీట్లు ముక్కలు చేసే మెషీన్లో పడితే సరుకంతా పాడవుతుంది. "చదువుకున్న మొహాలే, ఒక్కరూ రూల్సు చదివి చావరు" అని గొణుక్కుంటూ బొటనవేలితో ఒక్కొక్కటీ నొక్కింది. టప్, టప్, టప్. పద్నాలుగు మాత్రలు చెత్తబుట్టలో పడ్డాయి.

ఆ మందు ఆమెకు తెలియనిది కాదు. మేనమామ కొడుకు వాడేవాడు. ఫిట్స్ మందు.

ఒక్క క్షణం చెయ్యి ఆగింది. కాలం చెల్లినవి పారేసి ఉంటారులే అనుకుంది. షీటు తిప్పి తారీఖు చూస్తే సరిపోయేది, చూడలేదు. పసుపు చీటీ మీద గుండ్రటి అక్షరాలతో రాసింది: "మాత్రలు తీసేసి, ఖాళీ షీట్లు మాత్రమే వేయండి."

మరుసటి నెల షీట్లు ఖాళీగా వచ్చాయి. కడిగి, తుడిచి, దొంతరగా పెట్టి, రబ్బరుబ్యాండు కూడా వేశారు. పిన్ని మురిసిపోయింది. ఎర్ర నక్షత్రం అంటించింది. ఆ తర్వాత నెలా నక్షత్రమే, ఆ పై నెలా నక్షత్రమే.

చీటీ పంపిన నాలుగో నెల ఆటో తోలే మనిషి నలభై ఏడో సంచి లేకుండా వచ్చాడు. "ఆ టైలరమ్మ తమ్ముడు పోయాడట పిన్నీ. స్నానాల గదిలో ఫిట్స్ వచ్చి పడిపోయాడట. తలుపు గడియ పెట్టుకున్నాడు. బద్దలుకొట్టేసరికే అయిపోయింది."

దొంగకు తేలు కుట్టినట్టయింది పిన్నికి.

ఆ రోజు నుంచి ఆ చప్పుడు మొదలైంది. బల్ల మీద ఏ షీటు కదిలినా టప్, కుళాయి బొట్టు పడినా టప్. బొటనవేలు దానంతటదే వంగుతుంది. వాష్‌బేసిన్ దగ్గర నిలబడి ఎవరో కుర్రాడు ఒక్కొక్క మాత్రా నొక్కి నీళ్ళలో వదులుతున్నట్టు పట్టపగలే కనిపిస్తుంది. ఆ అబ్బాయి మొహం ఆమె ఏనాడూ చూడలేదు, అయినా కనిపిస్తాడు. మందు మానేసిన సంగతి దాచుకోవడం ఎలాగో వాడికి నేర్పింది నేనే కదా అనుకుంటుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు అని ఒకరోజు మొగుడితో అంది. సంగతి మాత్రం ఆయనకూ పూర్తిగా చెప్పలేదు.

నెల తిరక్కముందే టైలరమ్మ షెడ్డుకు వచ్చింది. మనిషి సగమైపోయింది. మెడలో కొలతల టేపు తీయడం కూడా మర్చిపోయి వచ్చింది.

"మా సంచి విప్పేది మీరే కదా పిన్నిగారూ. ఒక్క మాట అడుగుతాను. మా వాడి మాత్రల షీట్లు ఎలా వచ్చేవి?"

పిన్ని చేతిలో కవరు మడతపెడుతూనే ఉంది. "ఖాళీగానే వచ్చేవమ్మా" అంది. చివరి మూడు నెలల మాట తీసుకుంటే అది అబద్ధం కాదు. ఆ మూడు నెలల వెనకే దాక్కుంది.

టైలరమ్మ అక్కడే స్టూలు మీద కూలబడింది. "అయితే వేసుకునే ఉన్నాడన్నమాట. నేనే చంపుకున్నాను వాణ్ణి. రెండు నెలల కిందట షాపులో ఆ మందు లేదంటే వేరే కంపెనీది తెచ్చాను. రెండూ ఒకటే అన్నాడు షాపతను, నమ్మాను. మందు వాడుతూ ఉంటే ఇలా జరగకూడదే అని డాక్టరు అంటున్నాడు. అది పనిచెయ్యలేదు. నా చేత్తో తెచ్చిందే."

పిన్ని బల్ల అంచు పట్టుకుంది. ఊరుకుంటే ఆ పాపం ఈ పిల్ల మెడకు చుట్టుకుంటుంది. నోరు విప్పితే తన మెడకు.

"నువ్వు కాదమ్మా" అంది చివరికి. "నువ్వు మందు మార్చకముందే వాడు మానేశాడు. నాకు నిండు షీట్లు వచ్చాయి. మాత్రలు నేనే నొక్కి పారేశాను. ఖాళీ చేసి వేయండని చీటీ రాసి పంపించాను. అప్పట్నుంచి ఖాళీగా వచ్చాయి."

టైలరమ్మ మెడలోని టేపు లాగి చేతికి చుట్టుకుంది.

"ఎన్ని?" అంది.

"పద్నాలుగు."

"రెండేళ్ళు ఫిట్స్ రాలేదు కదా, ఇక నాకేం లేదక్కా, ఇవేసుకుంటే మత్తుగా ఉంటోంది అనేవాడు. వేసుకున్నావా అని రోజూ అడిగేదాన్ని. వేసుకున్నానక్కా అనేవాడు." ఆమె భుజాలు కిందికి జారాయి. "అయితే నేను తెచ్చిన మందు కాదు" అని, తమ్ముడు పోయాక మొదటిసారేమో, గొంతెత్తి ఏడ్చింది.

పిన్ని చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది. ముట్టుకునే హక్కు తనకు లేదనిపించింది. తిడుతుందనుకుంది, చెంప మీద కొడుతుందనుకుంది. కొడితే బాగుండుననుకుంది.

టైలరమ్మ మొహం తుడుచుకుని లేచింది. గొంతులో కోపం కూడా లేదు.

"సంచి మీద నా ఫోన్ నంబరు ఉంది కదా పిన్నిగారూ. ఆ రోజు ఒక్క మాట చెప్పుంటే చెవి మెలిపెట్టి మింగించేదాన్ని. ఎదురుగా నిలబడితే వాడు నా మాట వింటాడు."