ముత్తయ్య ఫియట్ గొంతు

ముంబయి కామాటిపుర పదకొండో గల్లీ మెకానిక్కు ముత్తయ్య బానెట్ మీద చెవి పెట్టాడంటే, బండి యజమాని పొద్దున ఏం తిన్నాడో చెప్పేస్తాడు. సరే, తిండి సంగతి కాస్త ఎక్కువైందనుకోండి, ఏ గేరులో బద్ధకిస్తాడో మాత్రం చెబుతాడు. నూనె చేతులు గుడ్డకు కాక జుట్టుకు తుడుచుకుంటాడు కాబట్టి ఈ వయసులోనూ తల నిగనిగలాడుతుంది. ఎవరి ఇంజను టకటకమన్నా తిట్టే మనిషి, తన పాత ఫియట్‌ను మాత్రం అలాగే మోగనిచ్చేవాడు. చూపు పోయిన భార్య రత్నాబాయి ఆ చప్పుడును బట్టే మొగుడొచ్చాడని తెలుసుకుని, గోడ పట్టుకుంటూ మూడో అంతస్తు వరండాలోకి వచ్చి నిలబడేది.

అది సీసం కలిపిన పెట్రోలు కాలపు ఇంజను. సీసం లేని పెట్రోలుకు వాల్వులు కూర్చునే అంచులు అరిగి, చివరికి వంతెన కూడా ఎక్కలేకపోయింది. ముత్తయ్య ఇంజను పైన వాల్వులుండే హెడ్డును తీసి, కొత్త పెట్రోలుకు తట్టుకునేది బిగించి, పాతది నాగ్‌పాడా తుక్కువాడికి ఇచ్చేశాడు. బండి చప్పుడు లేకుండా ఇంటికొచ్చింది. వరండాలో ఎవరూ లేరు. తలుపు తోస్తే రత్నాబాయి ఉలిక్కిపడి, "ఎవరు గావాలె?" అంది. మర్నాడు నాగ్‌పాడాకు పరుగెత్తేసరికి పాత హెడ్డు కొలిమికి పోయింది. తిరిగొచ్చి, పాత టకటక మళ్లీ రావాలని వాల్వుల సందు కావాలనే వదులు చేసి గల్లీలో మోగించాడు. రత్నాబాయి పైనుంచి అరిచింది: "ఎవరి బండయ్యా అది? మా ఆయనకు చూపెట్టుకోండ్రి, మంచిగ చేస్తడు!" ఇప్పుడు ఎవరైనా ఈ మాట ఎత్తితే ముత్తయ్య స్పానరు దించకుండానే విసుక్కుంటాడు: "అంతా జూట్. హెడ్డు మార్చలే, గిడ్డు మార్చలే. మా ఆమెకు కండ్లు మంచిగనే కనిపిస్తయి."