మళ్ళీ చెప్పండి మాస్టారు

మా లెక్కల మాస్టారు తాను చెప్పిన మాటను ఎదుటివాళ్ళ నోట మళ్ళీ వింటే తప్ప చెప్పినట్టు లెక్క వేసుకునేవారు కాదు. "సరేనండీ" అంటే ఊరుకోరు. "అర్థమైందండీ" అంటే అసలే ఊరుకోరు. "అయితే నేనేం చెప్పానో ఒకసారి చెప్పండి" అనేవారు. పాతికేళ్ళు అలా అనీ అనీ, అసలు పేరు జీతం పట్టీలో మిగిలిపోయి, మనిషి మాత్రం మళ్ళీచెప్పండి మాస్టారు అయిపోయారు.

పెళ్ళిచూపుల్లో ఆయన భార్య "నాకిష్టమే" అన్నదట. ఈయన "ఏది ఇష్టమో కాస్త వివరంగా చెప్పండి" అన్నారట. "ఆరోజు చెప్పడం మొదలుపెట్టాను, ఇంకా అవలేదు" అంటారు ఆవిడ. ఆ ఇంట్లో ఉప్పు అందుకోమన్నా రసీదు ఇవ్వాల్సిందే.

నేను అదే బడిలో సైన్సు చెబుతాను. ఏడో తరగతి మా ఇద్దరిదీ. ఆ తరగతిలో ముప్ఫై నాలుగు మంది పిల్లలు. రోజూ బడి వదలగానే మాస్టారు స్టాఫ్ రూమ్ బయట మూడో కిటికీ కింద స్టూలు వేసుకుని కూర్చునేవారు. ఫోన్ సిగ్నల్ ఆ కిటికీకే కనికరించేది. అక్కడి నుంచి ముప్ఫై నాలుగు ఇళ్ళకీ ఫోన్ చేసి, ఆరోజు ఏ పాఠం జరిగిందో, ఇంటి దగ్గర ఏం చేయించాలో చెప్పి, చెప్పింది అప్పజెప్పించుకునేవారు.

"ఇవాళ భిన్నాల భాగహారం. రెండోదాన్ని తలకిందులు చేసి గుణించాలి. ఏం చెప్పానో చెప్పండి."

సెలూన్ ఆయన ఒకరోజు గడ్డం గీస్తూ ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని "రెండోవాణ్ణి తలకిందులు చేసి..." అన్నాడట. కుర్చీలో ఉన్న మనిషి సగం గడ్డంతో వీధిలోకి పరుగెత్తాడు. ఆరోజు గడ్డానికి వచ్చినవాళ్ళలో రెండోవాడు అతనే మరి. నర్సుగా పనిచేసే ఒక తల్లి వార్డులో మంచాల మధ్య నిలబడి అప్పజెప్పేది. కాలు విరిగి పడుకున్న ఒక పెద్దాయన అటు కాలుతోపాటు ఇటు భిన్నాలు కూడా సరిచేసుకుని ఇంటికి వెళ్ళాడని చెప్పుకున్నారు.

అలా ఉండగా కొత్త హెడ్‌మిస్ట్రెస్ వచ్చారు. చురుకైన మనిషి. వస్తూ వస్తూ ఒక యాప్ తెచ్చారు.

"పాఠం, హోంవర్కు, హాజరు, మార్కులు అన్నీ ఇందులోనే మాస్టారూ. శనివారం తల్లిదండ్రులందరినీ పిల్లలతో సహా హాల్లో కూర్చోబెడదాం. ఎవరి ఫోన్‌లో వాళ్ళు తరగతి తెరవాలి. తెరిచినవాళ్ళ పేరు పెద్ద తెరమీద పడుతుంది. సోమవారం నుంచి మీ ఫోన్లు బంద్."

"చదవకపోతేనో?"

"చదివితే టిక్కు పడుతుంది కదండీ."

"టిక్కు పడితే చూసినట్టు మేడమ్. తెలిసినట్టు కాదు గదా."

"మాస్టారూ, ఈ కాలంలో ఎవరింటికీ రోజూ ఫోన్ చేసి పాఠం ఒప్పజెప్పించుకోరు."

"అంటే మీరు చెప్పింది ఏమిటంటే..." అని ఆయన మొదలుపెట్టారు.

"మళ్ళీ చెప్పక్కర్లేదు" అన్నారావిడ.

ఆయన ముఖం చిన్నబోగా చూడటం నాకదే మొదటిసారి. చాదస్తానికి సెలవిచ్చారు, అంతే కదా అనుకున్నాను.

ఆ వారమంతా మాస్టారు పాఠంతోపాటు యాప్ కూడా ఫోన్లో నేర్పారు. గురువారానికి గొంతు పూర్తిగా పోయింది. నాలుగు రోజులు నోరు తెరవొద్దని డాక్టరు చెబితే, ఆ మాటే కాగితంమీద రాసి, సరిగ్గా ఉందని ఆయన చేత సంతకం పెట్టించుకుని వచ్చారు.

శుక్రవారం బడి వదిలాక తన నోటుపుస్తకం నా చేతిలో పెట్టి, స్టూలు చూపించి, దండం పెట్టారు. కాదనలేకపోయాను.

పుస్తకంలో ఒక్కో ఇంటికి ఒక్కో వరస. 'నాలుగుంపావుకి బస్సులో ఉంటుంది, గట్టిగా మాట్లాడాలి.' 'మామగారు ఎత్తితే ముందు ఆయన మోకాలి సంగతి అడగాలి.' నాలుగు వరసల పక్కన మాత్రం ఎర్ర చుక్క.

"ఈ చుక్కలేమిటి మాస్టారూ?"

ఆయన కాగితంమీద రాశారు: 'వీళ్ళకి రంగు చెప్పాలి, బొమ్మ చెప్పాలి. అక్షరాలు చెప్పకూడదు.'

రెండుసార్లు చదువుకున్నాక గానీ నాకు వెలగలేదు.

"ఈ నలుగురికీ చదవడం రాదా?"

ఆయన అటూ ఇటూ చూసి తల ఊపారు.

"మరి ఈ నలుగురికే చేస్తే సరిపోయేది కదా! ఇన్నేళ్ళు ముప్ఫై నాలుగు ఇళ్ళకీ ఎందుకూ?"

ఆయన మళ్ళీ రాశారు: 'నలుగురికే చేస్తే ఆ నలుగురూ ఎవరో అందరికీ తెలిసిపోతుంది. పిల్లలకి కూడా.'

నేను స్టూలు మీద కూర్చుని ఫోన్ అందుకున్నాను.

రెండో చుక్క తాళాల కొట్టు ఆయనది. తల్లి లేని పిల్ల, ఈయన ఒక్కడే పెంచుతున్నాడు. క్లాసులో ఆ అమ్మాయి రోజుకొకసారైనా "మా నాన్నకి అన్నీ తెలుసు టీచర్" అంటుంది.

"ఆకుపచ్చ గడి నొక్కండి. తెరిచిన పుస్తకం బొమ్మ ఉంటుంది. ఏం చెప్పానో చెప్పండి" అన్నాను, మాస్టారి బదులు.

ఆయన పొల్లుపోకుండా చెప్పాడు. ఇక పెట్టేయబోతుంటే, "అమ్మా, ఇవాళ పాఠం చెప్పలేదేం?" అన్నాడు.

"అది కూడా కావాలా అండీ?"

"అదే కదమ్మా ముఖ్యం! రాత్రి పుస్తకం ముందేసుకుని మా అమ్మాయిని అడగాలి కదా, శాతాలు ఎంతవరకు వచ్చాయి అని. అది చదువుతుంటే నేను తల ఊపుతాను." గొంతు తగ్గించాడు. "నేను కళ్ళజోడు మర్చిపోయే మనిషినని మాత్రమే దానికి తెలుసమ్మా. ఇంకేమీ తెలీదు. సోమవారం నుంచి ఫోన్లు రావట గదా. ఏం చెయ్యాలో పాలుపోవట్లేదు."

శాతాల పాఠం మొత్తం చెప్పాను. సైన్సు టీచర్ని, లెక్కల్లో నేనే రెండుచోట్ల తడబడ్డాను. ఆయనే దిద్దాడు.

శనివారం హాలు నిండింది. ముందు వరసలో తాళాల కొట్టు ఆయన, పక్కన ఆయన కూతురు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్ "అందరూ యాప్ తెరవండి" అన్నారు. అందరూ తెరిచారు.

ఆకుపచ్చ గడి లేదు.

ఆ తెల్లవారుజామునే యాప్ తనను తాను కొత్తగా మార్చుకుందట. ఎక్కడి గడులు అక్కడ లేవు, అన్నిటికీ వేరే రంగులు. హాల్లో గుసగుసలు లేచాయి. తాళాల కొట్టు ఆయన వేలు తెరమీద గాలిలోనే ఆగిపోయింది. ఎలాంటి తాళాన్నైనా నిమిషంలో తీసే వేలు అది. మరో చేయి చొక్కా జేబు తడుముకుంది.

"అయ్యో, కళ్ళజోడు..."

"నాకు తెలుసు నాన్నా, మర్చిపోతావని!" కూతురు సంచిలోంచి కళ్ళజోడు తీసి, ఓణీ అంచుతో తుడిచి, ఆయన ముక్కుమీద తనే పెట్టింది. "ఇప్పుడు చదువు!"

వెనక గోడ దగ్గర నిలబడ్డ మాస్టారు అదాటున ముందుకొచ్చి నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. నా వంక చూశారు. ముప్ఫై నాలుగు ఇళ్ళ బరువూ ఆ చూపులోనే ఉంది.

నా ఫోన్‌లో కొత్త తెర ఒకసారి చూసుకుని మైకు లాక్కున్నాను.

"ఒక్క నిమిషం! ఎవరూ ఏదీ నొక్కొద్దు. ఆకుపచ్చ పోయింది. ఇప్పుడు అన్నిటికంటే కింద, ఎడమచేతి వైపు, వంకాయరంగు గడి ఉంది. అందులో తెరిచిన పుస్తకం బొమ్మ. అది నొక్కాలి. నేనేం చెప్పానో ఒకసారి చెప్పండి!"

హాలంతా ఒక్క గొంతుతో అప్పజెప్పింది. "అన్నిటికంటే కింద! ఎడమచేతి వైపు! వంకాయరంగు! పుస్తకం బొమ్మ!" సెలూన్ ఆయన కత్తెర ఆడించినట్టు చేయి ఆడిస్తూ, నర్సు కళ్ళు మూసుకుని, బ్యాంకు ఆఫీసరైన ఒక తండ్రి అందరికంటే గట్టిగా. బ్యాంకు ఆఫీసరు కూడా చదవలేదన్నమాట, ఆయనా ఆకుపచ్చ కోసమే వెతుకుతున్నాడు. అందరి గొంతులమధ్య తాళాల కొట్టు ఆయన గొంతూ వినిపించింది. వేలు కిందికి దిగింది.

పెద్ద తెరమీద మొట్టమొదట పడ్డది ఆయన పేరే.

"చూశారా టీచర్, మా నాన్నే ఫస్ట్!" అని ఆ పిల్ల కుర్చీలోంచి లేచింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే తుడిచి ఉంది.

అందరూ వెళ్ళాక హెడ్‌మిస్ట్రెస్ మా దగ్గరికి వచ్చారు. "ఎన్నో బళ్ళు చూశాను గానీ, మూకుమ్మడిగా అప్పజెప్పే తల్లిదండ్రుల్ని చూడలేదు" అన్నారు. కాసేపు ఖాళీ కుర్చీలకేసి చూశారు. ముందు వరసలో ఒక కుర్చీకేసి కాస్త ఎక్కువసేపు చూశారేమో, నాకు అలా అనిపించింది. ఏమీ అడగలేదు. మేమూ చెప్పలేదు.

"యాప్ ఉంటుంది. ఫోన్లూ ఉంటాయి" అని రెండడుగులు వేశారు.

వెనకనుంచి కీచుమని ఒక చప్పుడైంది. డాక్టరు ఆన మీరి మాస్టారు నోరు విప్పబోతున్నారు. ఆవిడ తిరిగి చూడకుండానే వేలు పైకెత్తి, ఒక్కో మాటా విడదీసి అప్పజెప్పారు.

"యాప్ ఉంటుంది. ఫోన్లూ ఉంటాయి. ముప్ఫై నాలుగు ఇళ్ళకీ. చాలా మాస్టారూ?"

మాస్టారు నావైపు తిరిగి కళ్ళెగరేశారు. నేను కూడా ఒకసారి చెప్పాను.