అమ్మ ప్రార్థన ఆగిన చోటు

నాచారంలో మేముండే వరుసలో ఏడు గదులు, అన్నిటికీ కలిపి ఒకటే రేకుల కప్పు. క్రైస్తవులం మేమొక్కరమే. అప్పుడు నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో సంవత్సరంలో ఉన్నాను.

అమ్మ పొద్దున్నే మోకరించి, ఒక్కో ఇంటివాళ్ల పేర్లు చెప్పి పైకి ప్రార్థించేది. ఆ క్రమం నాకు కంఠతా వచ్చు: మూలగదిలో కుట్టుమిషన్ అక్క, తర్వాత బస్సు కండక్టర్, తర్వాత కవల పిల్లల ఇల్లు, అలా చివరికి మా పక్క గది. ప్రతి పేరు దగ్గరా కాసేపు ఆగేది. పేర్లు గుర్తు తెచ్చుకుంటోందని అనుకునేవాణ్ణి.

పక్క గదిలో ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఒక్కడే ఉండేవాడు. భువనగిరి వైపు మనిషి. షుగర్‌కు రోజూ పొద్దున ఇన్సులిన్ సూది తనే వేసుకునేవాడు. గోడ పలచన, అమ్మ ప్రార్థన అంతా ఆయనకు వినబడేది.

"నా పేరు రోజు చెప్పకు చెల్లె. మీ దేవునికి యాదికొస్తే తీస్కపోతడు" అనేవాడు.

"ఆయనకేం తొందర లేదన్నా. నీ బీడీలకే ఉన్నది తొందర" అనేది అమ్మ.

ఒకరోజు ఆ చివరి పేరు దగ్గర ఆగి, అమ్మ ఇక ముందుకు పోలేదు. ఆమెన్ కూడా అనలేదు.

"ఏందమ్మా, మర్శిపోయినవా?"

"అన్న దగ్గుతలేడు."

నాకర్థం కాలేదు. "ఇంక లేవలేదేమో" అన్నాను.

"లేసిండు. నల్ల నీళ్ల సప్పుడైంది. చాయ తాగి బీడీ ముట్టియ్యంగనే దగ్గుతడు. ఇంకా దగ్గలే." చెంగు బిగిస్తూ లేచింది. "దా, తలుపు కొట్టు."

అప్పుడు తెలిసింది, ప్రతి పేరు దగ్గరా ఆమె ఎందుకు ఆగుతుందో. మిషన్ చప్పుడు, కండక్టర్ చెప్పుల చప్పుడు, పిల్లల ఏడుపు, అన్నీ విన్నాకే ముందుకు కదిలేది. పంతొమ్మిదేళ్లుగా అదే గదిలో పడుకుంటున్న నాకు అవి ఒట్టి చప్పుళ్లు.

తలుపు కొట్టినా పలుకు లేదు. భుజంతో నెడితే గడియ ఊడింది. ఆయన నేలమీద పడి ఉన్నాడు, ఒళ్లంతా చెమట. కాలేజీలో నేర్పిన ప్రథమ చికిత్స వరుసగా చేశాను: ఊపిరి చూశాను, నాడి పట్టుకున్నాను, పక్కకు తిప్పి పడుకోబెట్టాను, ఆటో కోసం పరుగెత్తాను. ఆటోలో ఆయన తల అమ్మ ఒళ్లో ఉంది. దారంతా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.

సర్కారు దవాఖానాలో డాక్టర్ షుగర్ బాగా పడిపోయిందన్నాడు. సూది వేసుకుని ఏమీ తినకముందే పడిపోయి ఉంటాడట. గ్లూకోజ్ ఎక్కించారు. కాగితం రాసుకుంటున్న నర్సు అమ్మను అడిగింది.

"నువ్వేమైతవమ్మా?"

"గోడకివతల ఉంటం."

"సుట్టాలు కాదా?"

"వాళ్లకు ఫోన్ చేపిచ్చినం. వచ్చేదాంక మేమే."

తిరుగు దారిలేని చోటుకు వెళ్లి వచ్చినట్టు ఆయన మెల్లగా కళ్లు తెరిచాడు. చాలాసేపు పైకప్పునే చూశాడు. తర్వాత అమ్మను గుర్తుపట్టాడు. నాలుక ఇంకా మొద్దుబారే ఉంది.

"చెల్లె... స్టవ్ మీద పాలున్నయి."

"దించిన అన్నా. పండుకో."

ఆ గదిలో నేను అన్నీ చూశాననుకున్నాను. స్టవ్ వెలుగుతున్నట్టే నాకు తెలియదు.